సెల్లో తీగల కోసం బరంపురం

శుక్రవారం ఉదయం ఆరూ ఇరవైకి రామయ్యపట్నంలో ఆటో ఎక్కాను. గిరిసోల దాకా మనిషికి నలభై రూపాయలు. ఏడుగురు నిండితేగాని బండి కదలదు, నేను ఐదోదాన్ని. మిగిలిన ఇద్దరూ వచ్చేలోపు మూడుసార్లు దిగి మూడుసార్లు ఎక్కాను.

"ఏటి మామ్మా, సీటు మీద ముళ్ళున్నాయేటి?" అన్నాడు డ్రైవరు.

"నీ బండి కదిల్తే నాను కదలను," అన్నాను.

ఈ దారిన నలభై ఏళ్ళు ఎండుచేపల బుట్ట మోశాను. ఆ రోజు బుట్ట లేదు. గుడ్డసంచి ఒకటి, అందులో మంచినీళ్ళ సీసా, వల కుట్టే దారం ముక్క. ఆ దారానికి రెండు ముడులు. దాన్ని పట్టుకుని బరంపురంలో సెల్లో తీగలు కొనడానికి వెళ్తున్నాను. ఎవరికైనా ఇలాంటి పని పడితే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను, సెల్లో అంటే వయొలిన్‌కి పెద్దక్క. నాలుగు తీగలు, చేతిలో కమాను. కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించాలి. మా కొడుకు కూతురు గౌరికి పదకొండేళ్ళు, పక్కన నిలబెడితే సెల్లో ఆ పిల్ల భుజం దాకా వస్తుంది. ఎనిమిది నెలలుగా నేర్చుకుంటోంది. వాయిద్యం మాది కాదు, బరంపురంలో నేర్పే నందిని దీదీది. ఆవిడ దగ్గర పిల్లలు వాయించే సైజువి మూడున్నాయి. కొనలేని ఇళ్ళ పిల్లలకి అరువిస్తుంది. మూడు నెలలకోసారి కూర్చోబెట్టి వింటుంది. సాధన లేదనిపిస్తే వెనక్కి తీసుకుని, కాచుకుని ఉన్న ఇంకో పిల్లకి ఇస్తుంది. ఈ ఆదివారం మా గౌరి వంతు. ఈసారి దీదీయే మా ఊరు వచ్చి వింటానంది.

ఇక తీగలకి ఏమైందో చెప్పాలి. సోమవారం గౌరి బడికి వెళ్ళాక సెల్లో సంచి విప్పి చూశాను. పైతీగ మీద గోధుమరంగు మచ్చలు. మా ఊరి ఉప్పుగాలికి తలుపు గడియ కూడా ఏడాది నిలవదు. గాలాలకి, కత్తిపీటకి, తక్కెడ గొలుసుకి, ఇంట్లో ఇనుమన్న దానికల్లా కొబ్బరినూనె రాయడం చిన్నప్పటినుంచీ నా పని. తీగలకీ రాశాను. గుడ్డతో పైనుంచి కిందిదాకా రెండు పూతలు. తర్వాత కమాను చూశాను. దానికి కట్టినవి గుర్రం తోక వెంట్రుకలట. ఎండిపోయి తెల్లగా పొడి రాలుతున్నాయి, తల్లిలేని పిల్ల తలలాగ. వాటికీ నూనె పెట్టాను. బాగా పట్టించి, పొడిగుడ్డతో తుడిచి, ఉన్నది ఉన్నట్టు సర్దేశాను.

సాయంత్రం గౌరి కమాను ఆనించింది. తడిచేప మీద వేలు జారినట్టు జారింది. స్వరం లేదు, ఉస్సుమని గాలి. కమానుకి రాసే రాళముద్ద తెచ్చి రుద్దింది. పడవ నెర్రెలకి పూసే గుగ్గిలం లాంటిదే అది, తీగ మీద పట్టు రావడానికి రాస్తారు. రుద్దిన కొద్దీ బురదయింది. మంగళవారం అంతే, బుధవారం అంతే. కొబ్బరినూనె వాసన మా ఇంట్లో ఎవరి తలలోనైనా ఉంటుంది కాబట్టి పిల్లకి అనుమానం రాలేదు.

"నా సెయ్యి పాడైపోనాది మామ్మా," అని బుధవారం మోకాళ్ళలో తల దూర్చుకుంది.

అప్పుడు చెప్పాల్సింది. ఎవరి చేప మెత్తబడిందో సంతలో పదిమందిలో అనేసే నోరు నాది. ఆ పూట తెరుచుకోలేదు. వాయించే పిల్ల తప్ప ఇంకెవరూ వాయిద్యం ముట్టకూడదన్నది దీదీ పెట్టిన మొదటి షరతు. ముట్టుకున్నానని తెలిస్తే ఆవిడ ఆదివారం దాకా కూడా ఆగదనుకున్నాను. కొత్త తీగలు కొని, గౌరి బడిలో ఉన్నప్పుడు కట్టేస్తే, ఎవరికీ తెలియకుండా అంతా సర్దుకుంటుందని నా ఆలోచన. ఇంట్లో "సేపల బాకీ వసూలుకెల్తన్నాను" అని చెప్పి వచ్చాను. అదీ అబద్ధమే.

గిరిసోలలో ఏడుంబావుకి దిగాను. పెద్దరోడ్డు మీద బరంపురం బస్సు ఏడూ నలభైకి వచ్చింది. కండక్టరు నన్ను ఎరుగును. డబ్బులు తీసుకుని రెండు టిక్కెట్లు చింపి ఇచ్చాడు.

"బుట్టెక్కడ మామ్మా?"

"నేదు."

"ఓలమ్మ! దానికీ టిక్కెట్టు కొట్టీసేను కదే!"

"కొట్టినోడివి నువ్వు. నువ్వే ఒళ్ళో ఎట్టుకో."

పక్క సీట్లో చికిటి నుంచి మునక్కాడల కట్టతో వచ్చిన పెద్దాయన. బుట్ట లేకుండా ఎక్కడికని అడిగాడు. చెప్పాను. సెల్లో అంటే ఏమిటో కూడా చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఆడగుంటకి కుట్టుమిసను కొనీకపోయేరా? ఇది కూడెడతాదేటి?" అన్నాడు.

"నీ మునక్కాడలు నీకు ఎడతన్నాయి కదా. నీ పని సూసుకో," అన్నాను. ఆ తర్వాత గొళంతరా దాటేదాకా ఇద్దరం కిటికీలోంచే చూశాం. దిగేటప్పుడు నాలుగు కాడలు నా సంచిలో పెట్టాడు. వద్దంటే వినలేదు.

బరంపురంలో దిగేసరికి ఎనిమిదీ నలభై. తొందరపడి వచ్చినందుకు ఫలితం లేదు, సంగీతం సామాన్లు అమ్మే దుకాణాలు పదిన్నరకిగాని తెరవరు. వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. బండి దగ్గర రెండు బరాలు, అంటే మన గారెలే, వాటితో ఘుగ్ని అనే బఠాణీ కూర తిన్నాను. కూర్చుని తినలేక నిలబడే తిన్నాను. తర్వాత బడాబజారు ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి నడిచాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, తెలుగు బోర్డులూ ఒడియా బోర్డులూ ఒక్కటి వదలకుండా చదువుతాను. చిన్నప్పుడే చదువుకున్నవాళ్ళు బోర్డులు చదవరు, నేను చూశాను.

పదిన్నరకి మొదటి దుకాణం తెరిచారు. హార్మోనియాలు, మద్దెలలు, గజ్జెలు. లోపలి మనిషి "కొణొ దొర్కార్ మావుసీ?" అన్నాడు, ఏం కావాలి పిన్నీ అని. సెల్లో తీగలన్నాను. వయొలిన్ తీగల పొట్లం తీసి ముందు పడేశాడు. నా దారం తీసి పక్కన పెట్టాను.

ఈ దారం సంగతి చెప్పాలి. వల అల్లేవాళ్ళం కొలబద్ద నమ్మం, దారానికే ముడి వేసుకుంటాం. తీగ కింద తగిలించిన చోటు నుంచి పైన తిప్పి బిగించే బిరడాకి చుట్టిన చోటు దాకా ఒక దారం కొలిచాను. తీగల్ని ఎత్తిపట్టే నిలువు చెక్క దగ్గర ఒక ముడి, మెడ చివర ఆనే చోట ఇంకో ముడి. మొత్తం రెండు మూరల పైచిలుకు. అతని తీగ సగం దాటి ఆగిపోయింది.

"లాగి కట్టు, సాగుతుంది," అన్నాడు, ఒడియాలోనే.

"నువ్వు నీ చొక్కా ఏనుక్కి తొడుగు, అదీ సాగుతుంది," అన్నాను, నేనూ ఒడియాలోనే.

అతను కోపగించుకోలేదు, నవ్వాడు. అంత పెద్ద వాయిద్యం తీగలు గిరి రోడ్డు సందులో మరమ్మతు చేసే జగ్గారావు దగ్గరే దొరుకుతాయని దారి చెప్పాడు. ఆ మాట ముందే చెప్పి ఉండొచ్చు.

పదకొండుంబావుకి జగ్గారావు కొట్టు చేరాను. యాభై ఏళ్ళ మనిషి, చెవి మీద పెన్సిలు. పైన తాడుకి వయొలిన్లు ఎండబెట్టిన వంజరాల్లాగ వేలాడుతున్నాయి. తీగలు అనగానే మొదట, "ఏ సైజు?" అన్నాడు.

తీగలకీ సైజులుంటాయని నాకు తెలియదు. దారం ఇచ్చాను. దాన్ని బల్ల మీద చాచి, రెండు ముడుల మధ్య టేపు పెట్టి కొలిచాడు.

"ముప్పావు సైజు. పదకొండు, పన్నెండేళ్ళ పిల్ల వాయిస్తాది. అవునా?"

"అవును."

"ముడులు భలే ఏసేవు మామ్మా. సదువుకున్నోల్లొచ్చి ఫొటోలు సూపిత్తారు. ఒక్కడూ కొలత తేడు."

రెండు పొట్లాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి అట్టపెట్టెలో, పైన బంగారు అక్షరాలు. ఒకటి మామూలు కాగితం కవరు. నేను పెట్టె మీద చెయ్యి వేశాను. ఖరీదైనది ఇస్తే తప్పు తక్కువవుతుందని అనిపించింది.

"అది నిండు సైజుది," అన్నాడు. "సిన్నదానికి కడితే లావుగా ఉన్న భాగం బిరడా మీదకెక్కి నలిగి తెగిపోద్ది. ఖరీదు సూసి తీగ కొనకూడదు మామ్మా, కొలత సూసి కొనాల. నేర్చుకునే పిల్లకి ఈ మామూలు ఉక్కుతీగే సాలు. తొందరగా స్రుతి దిగదు, సిన్న సెయ్యికి మొండికెయ్యదు."

కవరులోని తీగ తీసి నా వేళ్ళ మధ్య పెట్టాడు. లోపల ఒక సన్నటి ఉక్కు, దాని చుట్టూ ఇంకో తీగ సందు లేకుండా చుట్టి ఉంది. గోరుతో మీటాను. తాడు పేనడం తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది, ఒక్క చుట్టు కూడా వదులు లేదు.

"నాలుగూ ఇచ్చీ," అన్నాను.

"నాలుగూ ఎందుకు? ఒక్కసారే నాలుగూ పోవు కదా. ఏటయింది?"

"తుప్పు."

అతను నా దారం ముడిచి తిరిగి ఇవ్వబోయి ఆగాడు. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ దారం వాసన చూశాడు. తీగల మీద పెట్టి కొలిచిన దారం కదా.

"మామ్మా, తీగలకి కొబ్బరినూనె రాసేరా?"

దారం కోసం చెయ్యి చాచాను. ఇవ్వలేదు.

"కమానుకి తగల్నేదు కదా?"

"దానికే ఎక్కువ రాసేను," అన్నాను.

జగ్గారావు బల్ల మీద రెండు చేతులూ పెట్టి కిందకి చూశాడు. నవ్వాపుకుంటున్నాడో, అయ్యో అనుకుంటున్నాడో తెలియలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. స్వరం పుట్టేది వెంట్రుక తీగని పట్టి లాగితే. నూనె తగిలితే పట్టు పోతుంది. బంగారు తీగలు కట్టినా ఆ కమానుతో పలకవు. వెంట్రుకలు మార్చాలంటే కమాను తన దగ్గరకి రావాలి, చేతిలో పనులున్నాయి, ఐదు రోజులు పడుతుంది.

"ఆదివారమే వాయించాల," అన్నాను.

"ఈ ఊల్లో ముప్పావు కమాను అదనంగా ఉన్నది నందిని దీదీ దగ్గర ఒక్కటే. ఆ సైజు సెల్లోలూ ఆవిడివే. నువ్వెవరి మామ్మవో నువ్వు సెప్పకపోయినా నాకు తెలుసు." దారం మడత నా చేతిలో పెట్టాడు. "నాను ఆవిడికి సెప్పను. నువ్వెల్లి సెప్పు."

నాలుగు తీగలు అడిగితే రెండే ఇచ్చాడు, సన్నవి. లావుగా ఉన్న రెండూ స్పిరిటు తడిపిన గుడ్డతో తుడిస్తే బతుకుతాయన్నాడు. అమ్మేవాడు తక్కువ కొనమంటే నమ్మొచ్చు. రెండూ తొమ్మిది వందలయ్యాయి. ఇంకా రెండు మాటలు చెప్పాడు, ఇవి రాసుకోండి. స్పిరిటు చుక్క కూడా చెక్క మీద పడకూడదు, రంగు లేచిపోతుంది. తీగలు ఒకటి విప్పి ఒకటి కట్టాలి. నాలుగూ ఒకేసారి విప్పితే పైన నిలువుచెక్కా, లోపల నిలబెట్టిన పుల్లా పడిపోతాయి. గౌరి బడిలో ఉన్నప్పుడు నేను నాలుగూ ఒకేసారి విప్పేదాన్నే. వలకి పాత తాళ్ళన్నీ తీసేశాకే కొత్తవి వేస్తాం.

పన్నెండూ పదికి బయటపడ్డాను. దీదీ ఇల్లు కొత్త బస్టాండు వెనక. నా కాళ్ళు బస్టాండులోకే వెళ్ళాయి. గిరిసోల వైపు బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఎక్కి కూర్చున్నాను. తీగలు కొన్నాను కదా, కమాను సబ్బునీళ్ళతో కడిగి చూద్దామనుకున్నాను. బస్సు హారను కొట్టింది, దిగాను. డ్రైవరు ఏదో అన్నాడు, వినలేదు. టీ అడిగి, చేతికిచ్చాక సగం తాగి పారబోశాను. ఇంకో బస్సు వచ్చింది. దాని మెట్టు మీద కాలు పెట్టి, తీసి, బస్టాండు వెనక సందులోకి నడిచాను. అప్పటికి ఒంటిగంట దాటింది.

నందిని దీదీ ఒడియా మనిషి. పక్కింటి తెలుగువాళ్ళతో పెరిగింది కాబట్టి మన మాట బాగా మాట్లాడుతుంది. అన్నం తింటూ లేచి వచ్చింది.

"రండి మావుసీ. నేనే ఆదివారం వస్తున్నాను కదా, మీరెందుకు శ్రమపడ్డారు? సెల్లో తీసుకెళ్ళడానికి కారు కూడా మాట్లాడాను."

"ఏటి తీసుకెల్తారు?"

"గౌరి మీకు చెప్పలేదా? నిన్న సాయంత్రం ఫోను చేసింది. చెయ్యి పాడైపోయిందట, ఎంత వాయించినా పలకడం లేదట. వేరే పిల్లకి ఇచ్చేయమంది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. పెద్దదానిలా మాట్లాడింది. గోపాల్‌పూర్ పిల్ల ఒకతె ఏడాదిగా అడుగుతోంది, వాళ్ళమ్మకి మాట ఇచ్చేశాను."

అప్పుడు ఆవిడ గుమ్మంలో నిలబడే చెప్పాను. తుప్పు, నూనె, రెండు పూతలు, కమాను, మూడు రోజులు నోరు మూసుకోవడం, అన్నీ. మధ్యలో ఆపలేదు.

"వెంట్రుకలకి కూడానా?" అంది.

"జుట్టు కదా అనీసి."

దీదీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. ఆ వెంటనే కోపం వచ్చింది, అది ఎక్కువసేపు ఉంది.

"నూనె రాయడం తెలియక చేశారు. పిల్ల తన చెయ్యి మంచిది కాదనుకుంటుంటే చూస్తూ కూర్చున్నారే, అది తెలిసే చేశారు కదా మావుసీ."

"తెలిసే," అన్నాను.

లోపలికి వెళ్ళి గుడ్డ సంచిలో ఒక కమాను తెచ్చింది. నా చేతికి ఇచ్చేముందు వెంట్రుకల వైపు చూపించి, "ఇక్కడ వేలు పెట్టొద్దు," అంది. పిల్లలతో మాట్లాడినట్టే. తర్వాత ఇలా చెప్పింది: "గోపాల్‌పూర్ వాళ్ళకి సాయంత్రం ఆరుకి ఫోను చేసి టైము చెప్పాలి. ఆ లోపల గౌరి నాకు ఫోను చేసి, సెల్లో తనకే కావాలని తన నోటితో అడగాలి. మీరు అడిగితే చాలదు. తనకి వద్దనిపిస్తే నేను బలవంతం చెయ్యను."

అన్నం తినమంది. ఇంకోసారి తింటానని చెప్పి వచ్చేశాను.

మధ్యాహ్నం బస్సులు తక్కువ, మూడుంబావుకిగాని దొరకలేదు. గౌరి బడి నాలుగింటికి వదులుతారు, నా ఫోను కాక ఇంట్లో ఇంకో ఫోను ఉండేది కోడలి దగ్గరే. ఈలోపు చెయ్యడానికి ఏమీ లేదు. తీగల కవరు తీసి చూడటం, సంచిలో పెట్టడం, కమాను ఎవరి మోచేతికీ తగలకుండా నిలువుగా పట్టుకోవడం. ఎదుటి సీటు ఆవిడ అడిగింది, "ఏటదీ, సేపలు పట్టే కర్రా?" అని. మామూలుగా అయితే తగిన జవాబు చెప్పేదాన్ని. తల ఊపాను.

బరంపురం నాకు తెలుసనుకునేదాన్ని. నాకు తెలిసిన బరంపురం నేల మీద కూర్చుని చూసింది, వచ్చే కాళ్ళు, పోయే కాళ్ళు, బేరాలు. కొనడానికి నిలబడితే ఆ ఊరు వేరు. ఏది మంచిదో తెలియక ఎదుటి మనిషి ముఖం చూస్తూ నిలబడాలి. నలభై ఏళ్ళలో నా బుట్ట ముందు అలా ఎంతమంది నిలబడ్డారో. నేను మోసం చేయలేదు. కాని జగ్గారావు తీగని నా వేళ్ళ మధ్య పెట్టినట్టు, చేపని ఎవరి చేతికీ ఇచ్చి ఇది ఇలా చూడాలి అని చెప్పలేదు. తెలియనివాళ్ళని చూస్తే నాకు చిరాకు, అంతే.

నాలుగుంబావుకి కోడలికి ఫోను చేసి గౌరికి ఇమ్మన్నాను.

"గౌరీ, నీ సెయ్యికి ఏటీ అవ్వనేదు. తీగలకీ కమానుకీ సోమారం నాను కొబ్బరినూనె రాసేను. అందుకే పలకడం నేదు. నీకు సెప్పకుండా దాసేను."

"సెల్లో ముట్టుకోకూడదని నీకు తెల్దా?"

"తెలుసు."

"నాను బుధవారం ఏడిసినప్పుడూ తెలుసా?"

"తెలుసు. దీదీకి ఆరు లోపల ఫోన్ సెయ్యాల, నీకే కావాలని..."

పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మూడోసారి కోడలు ఎత్తి, "మాటాడనంటంది," అంది.

గిరిసోలలో నాలుగున్నర. ఆటోలో నేను మొదటిదాన్ని. ఒక్కొక్కరే నిండేదాకా బండి చుట్టూ తిరిగాను. ఉదయం డ్రైవరే. ఈసారి ఐదింటికి ఐదుగురితోనే బయల్దేరాడు. తక్కువైన ఇద్దరి డబ్బులూ నేనిస్తానంటే వద్దన్నాడు. దారిలో ప్రతి మలుపు దగ్గరా ఫోను చూశాను. దీదీ నంబరుకి చెయ్యాలనిపించింది. పిల్ల తన నోటితో అడగాలంది కదా, మానేశాను.

ఐదూ నలభై ఐదుకి ఇంటి ముందు దిగాను. గౌరి గడప లోపల కుర్చీ వేసుకుని కూర్చుంది. సెల్లో సంచిలోంచి తీసి ఉంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

"ఆరు కావొస్తంది. దీదీకి సేసేవా?"

"సేసేను."

"ఏటన్నావు?"

"మా మామ్మ ఇనపగడియకి రాసినట్టు దానికీ రాసీసింది, నా సెయ్యి బాగానే ఉంది, సెల్లో నాకే కావాల అన్నాను. ఆదివారం ఇంటానంది." చెయ్యి చాచింది. "తీగలు ఇలా తే. నువ్వు కూకో. ముట్టుకోకు."

ముట్టుకోలేదు. గోడకి ఆనుకుని కూర్చున్నాను. స్పిరిటు కావాలని చెబితే కోడలు పక్క వీధిలోని మందుల కొట్లోంచి తెచ్చింది. గౌరి సన్నతీగ ఒకటి విప్పి కొత్తది కట్టింది, అప్పుడు రెండోది విప్పింది. నేను ఆ మాట చెప్పబోతే, "తెలుసు," అంది. లావువి రెండూ తుడిచింది, గుడ్డ నల్లగా వచ్చింది. బిరడాలు తిప్పి, చెవి ఆనించి, మళ్ళీ తిప్పి, దీదీ కమానుకి రాళ రుద్ది, పైతీగ మీద పెట్టి లాగింది.

కిర్రుమంది. గడియ తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు, ఇల్లంతా. వీధిలో కుక్క లేచింది.

"ఎలగుంది మామ్మా?"

"అస్సలు బాగోనేదు," అన్నాను.

గౌరి నవ్వింది. సోమవారం నుంచి అదే మొదటిసారి నవ్వడం. కమాను మళ్ళీ పెట్టి లాగింది.